పెనుగొండ కోళ్లగంప కథ

ఈ గంపది ఏజెన్సీ వెదురు. మేదరివాళ్లు బద్దలు చీల్చి, కోడి తల బయటికి దూరకుండా, గాలి మాత్రం ఆడేలా సందులు వదిలి అల్లారు. తర్వాత పెనుగొండ చేరింది. వాసవీ కన్యకాపరమేశ్వరి గుడికి వచ్చేపోయే యాత్రికుల బస్సుల మోత వినిపించే దూరంలో ఒక పెరడు. కొబ్బరిచెట్లు, వరిగడ్డి మేటు, పెంటకుప్ప, ఒక మామ్మగారు, ఆవిడ కోడలు, ఓ పది కోళ్లు. అప్పట్నుంచీ గంప బతుకు బోర్లాపడే గడిచింది. కింద ఏ కోడి ఉంటే ఆ కోడి కథే దాని కథ.

మొదట్లో గంపకు అప్పజెప్పింది శిక్ష వేసే పని. గుడ్లు పొడుచుకు తినే పెట్ట, బెండమొక్కలు పీకే పెట్ట, పిల్లల వెంటపడే పుంజు, అన్నీ దాని కిందికే వచ్చేవి. గంప ఎత్తగానే మళ్లీ పాత పనే. దగ్గర్నుంచి చూస్తే ఆ కోళ్లన్నిటికీ ఏదో ఒక లోటు ఉండేది. ఆ లోటు తీరకుండా శిక్షతో మారిన కోడిని ఈ గంప చూడలేదు.

గుడ్లు తినే నల్లపెట్ట సంగతే తీసుకుందాం. పక్కింటావిడ వచ్చి, "పిన్నిగారూ, డొల్లలో కారం కూరి పెట్టండి, జన్మలో గుడ్డు జోలికి పోదండీ" అంది. కోడలు అలాగే చేసింది. పెట్ట కారంతో సహా డొల్లంతా తినేసి మూతి తుడుచుకుంది. పాలిచ్చే జంతువులకు మంట తెలిపే గ్రాహకం ఒకటుంటుంది. కోళ్లలో అదే గ్రాహకం మిరప ఘాటుకు స్పందించదని 2002లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్, ఆయన సహచరుడు తేల్చారు. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. పక్షులు తిని గింజలు వెదజల్లితేనే అడవిమిరప నాలుగు చోట్ల మొలుస్తుంది, కాబట్టి గుంటూరు కారమైనా కోడికి ఒకటే.

నల్లపెట్టకు తక్కువైంది సున్నం. ఒక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. రోజూ నూకలు, తవుడు మాత్రమే తినే పెట్టకు అంత ఎక్కడిది? పెంకు పలచబడుతుంది, గుడ్డు గూట్లోనే పగులుతుంది, సొన రుచి తెలుస్తుంది, అదే అలవాటవుతుంది. మామ్మగారు ఆల్చిప్పలు, నత్తగుల్లలు దంచి విడిగా ఒక చిప్పలో పెట్టించారు. గుడ్లు పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయించారు. గూట్లో చెక్కగుడ్డు ఒకటి ఉంచారు. నల్లపెట్ట దాన్ని పొడిచి పొడిచి విసిగి మానేసింది.

పొదుగుకు కూర్చున్న ఎర్రపెట్ట కథ వేరు. గుడ్లు తీసేసినా వట్టి గడ్డి మీదే ఈకలు ఉబ్బించి కూర్చునేది, చెయ్యి పెడితే పొడిచేది. పిల్ల బయటికి రావడానికి 21 రోజులు చాలు. గుడ్లే లేకపోతే లెక్కా ఉండదు, లేవడమూ ఉండదు. మేత తగ్గి చిక్కిపోతుంది, కొత్త గుడ్లు పెట్టదు. దీన్నీ గంప కిందే మూసేవారు. కానీ చీకటి, వెచ్చదనం, కదలని చోటు, ఇవే పొదుగును పెంచేవి. కొన్ని పల్లెల్లో ముక్కుకు ఈక గుచ్చే అలవాటుంది. అది వట్టి హింస. ప్రొలాక్టిన్ అనే హార్మోను తగ్గితే తప్ప ఆ మంకు దిగదు. అందుకు పొట్టకు చల్లగాలి తగలాలి. కోడలు పాత నులకమంచం వెలుతురులోకి లాగి, దాని మీద పెట్టను కూర్చోబెట్టి, పైన గంప బోర్లించి, లోపల నీళ్లూ మేతా పెట్టింది. నులక సందుల్లోంచి గాలి ఆడింది. మూడు నాలుగు రోజులకు ఎర్రపెట్ట దిగివచ్చి పెంటకుప్ప కెలికింది. గంపకు అంత గర్వంగా అనిపించిన పని మరొకటి లేదు.

దాళ్వా కోతలప్పుడు మాత్రం పెద్ద గొడవే జరిగింది. పెరడంతా ధాన్యం ఆరబోసి కోళ్లన్నిటినీ గూట్లో బంధించారు. ఎండ, ఇరుకు, చేయడానికి పనిలేదు. ఒకదాని ఈక ఒకటి పీకడం మొదలైంది. ఒక పెట్ట వీపు మీద రక్తం కనిపించగానే అన్నీ దాని మీదే పడ్డాయి. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లోనే నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె రాశాడు. చోటుంటే ఓడిన కోడి తప్పుకుంటుంది, ఆ వరసతో ఇబ్బంది ఉండదు. గూట్లో ఎక్కడికి తప్పుకుంటుంది? కోళ్లఫారాల్లో ఇందుకే పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొసలు కాలుస్తారు. ఆ కొసలో నరాలుంటాయి, నొప్పి తెలుస్తుంది. పెరటి కోడికి ఆ అవస్థ అక్కర్లేదు. గాయపడ్డ పెట్టకు పసుపు, వేపనూనె రాసి గంప కింద విడిగా ఉంచారు. ధాన్యం చుట్టూ పాత చేపలవల కట్టి మిగతావాటిని వదిలారు. తోటకూర కట్ట తలెత్తితే అందేలా వేలాడదీశారు, మూలన బూడిద, ఇసుక కలిపి పోశారు. ముక్కులకు పని దొరికింది.

ఇక పిల్లల వెంటపడే ఆ పుంజులో పందెంకోళ్ల జాతి అసిల్ రక్తం ఉంది. ఈ జాతి పుంజుల్ని పెంచేవాళ్లు ఒక్కోదాన్ని విడిగా కట్టేస్తారు, లేకపోతే చచ్చేదాకా పొడుచుకుంటాయి. ఈ పుంజు ఐదేళ్ల మనవరాలి మీదికి ఉరికేది. కర్రతో కొడితే దానికది పందెమే, ఇంకా రెచ్చిపోయేది. మామ్మగారు రోజూ దాన్ని పట్టి చంకలో ఇరికించుకుని, దిగుదామని గింజుకోవడం మానేదాకా పెరట్లో తిరిగేవారు. మనవరాలు పక్కనుంటే మాత్రం ఇప్పటికీ దాన్ని గంప కిందే ఉంచుతారు. పసిపిల్లల కళ్ల విషయంలో మామ్మగారు ఎవరినీ నమ్మరు.

ఈ మధ్య వనరాజ రకం కోళ్లు వచ్చాయి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. కొత్తవాటిని తిన్నగా మందలో వదిలితే పాతవి చీల్చేస్తాయి. అందుకే వాటిని పెరటి మధ్యన గంప కింద ఉంచారు. పాత పెట్టలు వచ్చి సందుల్లోంచి పొడవబోయాయి, ముక్కు అందలేదు, అలిసి వెళ్లాయి. వారం గడిచాక, కోళ్లు గూటికి చేరే సాయంత్రం వేళ గంప ఎత్తారు. మేత మాత్రం రెండు చోట్ల పెట్టారు. ఒకే చిప్ప ఉంటే పెద్దపెట్ట దాని మీదే నిలబడి మిగతావాటిని దగ్గరికి రానివ్వదు.