పంచదార మానేశాం కదా!

తెలుగు ఇళ్ళలో మధుమేహం కేసుకు ముద్దాయి ఒక్కటే: పంచదార. చాయ్‌లో దాన్ని మానేస్తే సగం జబ్బు కుదిరినట్టే. ఆ చప్పటి చాయ్‌లో నాలుగు ఉస్మానియా బిస్కట్లు ముంచుకున్నా తప్పులేదు; బిస్కట్ కాస్త ఉప్పగా కూడా తగులుతుంది కనుక దానిమీద అనుమానం రాదు. మధ్యాహ్నం కంచంలో గుట్టగా పోసిన అన్నం అసలు తియ్యగానే ఉండదు కనుక సంపూర్ణ నిర్దోషి. చిన్నపేగులోకి వెళ్ళాక ఆ పిండిపదార్థమంతా గ్లూకోజుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. తీర్పు చెప్పేది మాత్రం నాలుకే.

పరగడుపున తీసిన రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములకు చేరితే మధుమేహం. అంతకు తక్కువే అయినా మామూలు స్థాయి దాటితే జనం దాన్ని ‘బార్డర్’ అంటారు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, 13.6 కోట్ల మంది బార్డర్‌లో ఉన్నారు. ఈ బార్డర్‌కు కాపలా పరీక్షకు ముందు రెండు రోజులే: జొన్నరొట్టె, మజ్జిగ, సాయంత్రం నడక. రిపోర్టు బాగా వచ్చిందన్న సంతోషంలో ఆ రాత్రికి బిర్యానీ తెప్పిస్తారు. దాదాపు మూడు నెలల సగటును బయటపెట్టే హెచ్‌బీఏ1సీ దగ్గర ఈ లౌక్యం సాగదు. అందుకే ఆ పరీక్ష రాయని డాక్టరుకు హస్తవాసి ఎక్కువ.

పిండిపదార్థం నాణ్యతను కొలిచేందుకు స్పెయిన్ పరిశోధకులు ఒక సూచిక తయారుచేశారు. అది నాలుగు సంగతులు చూస్తుంది: పీచు ఎంత; గ్లైసీమిక్ ఇండెక్స్ ఎంత; తిన్న ధాన్యంలో పొట్టు తీయనిది ఎంత; నమిలి తిన్నదెంత, గటగటా తాగిందెంత. తెలుగు భోజనం నాలుగింటిలోనూ గ్రేస్ మార్కులు అడుగుతుంది.

మొదటిది పీచు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో అది మూడు గ్రాములకు మించదు. అదే తూకం జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు గ్రాములు ఉంటుంది. బియ్యంలోని పీచూ విటమిన్లూ మిల్లులోనే తవుడుగా విడిపోయి గేదెకు దక్కుతాయి. గేదె యజమాని మందుల షాపులో బీ కాంప్లెక్స్ కొనుక్కుంటాడు. ఈ పంపకం నిన్నటిది కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుపడ్డాయి. మరపట్టిన తెల్లబియ్యంలో థయామిన్ అనే విటమిన్ మిగలకపోవడమే అందుకు కారణం. ఆ జబ్బు సంగతి తేల్చడానికే రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో, ఒక్క గదిలో ఒక పరిశోధన విభాగం తెరిచారు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లబియ్యం తెచ్చిన జబ్బుతో పుట్టిన సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పాల్సివచ్చింది. ఈ నూరేళ్ళలో బియ్యం తెలుపు తగ్గలేదు.

రెండోది గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో దీన్ని ప్రతిపాదించింది. గ్లూకోజుకు 100 అనుకుంటే, 55 లోపు వచ్చిన పదార్థం నెమ్మదస్తురాలు, 70 దాటింది దూకుడుది. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా బియ్యం ఇండెక్స్ 51 దరిదాపుల్లో ఉంటుంది. మంచి వంగడమే. అంగడి బోర్డు మీదికెక్కేసరికి అది ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అయింది. ఈ ఇండెక్స్ కొలిచేటప్పుడు మనిషికి పెట్టేది 50 గ్రాముల పిండిపదార్థం, అంటే సుమారు 65 గ్రాముల బియ్యం వండిన అన్నం. ఆ అంకె చూసుకున్న ధైర్యంతో మారు అన్నం వడ్డించుకుంటే ఇండెక్స్ కదలదు, షుగరే కదులుతుంది.

మూడోది పొట్టు తీయని ధాన్యం. ‘రాత్రిపూట అన్నం మానేశాం, టిఫినే’ అనే ఇళ్ళలో ఇడ్లీ రవ్వ బియ్యందే, దోసె పిండిలో సింహభాగం బియ్యమే, ఉప్మా రవ్వ పొట్టు తీసిన గోధుమదే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలకూ సామలకూ దశ తిరిగింది. వాటి పేరు చెప్పుకుని బిస్కట్లకు ఇంకా బాగా తిరిగింది. ప్యాకెట్ ముందువైపు రాగి కంకి బొమ్మ ఉంటుంది. వెనకవైపు, భూతద్దం ఉన్నవాళ్ళ కోసం, దినుసుల పట్టిక ఉంటుంది. ఎక్కువ తూకమున్నది ముందు రాయాలన్నది నిబంధన కాబట్టి మైదా మొదట కూర్చుంటుంది, తర్వాత చక్కెర, ఆ తర్వాత నూనె. రాగులు చివరి బంతిలో కనిపిస్తాయి.

నాలుగోది తాగే పిండిపదార్థం. పంచదార మానినవారి ఇంట్లో బెల్లం చాయ్, తేనె నీళ్ళు, పండ్లరసం వాడుకలో ఉంటాయి. బెల్లంలో ప్రధానంగా ఉండేది సుక్రోజే, అంటే పంచదారే. రంగు ముదురు కనుక సజ్జనుడిగా చలామణీ అవుతోంది.

ఇలాంటి తిండికీ మధుమేహానికీ మధ్య ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు) అనే దళారి ఉంటాడు. అవసరానికి మించి వచ్చిన గ్లూకోజులో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. మిగులు శక్తి పొట్టలోపల పేరుకుంటుంది. అక్కడ ఉబ్బిన కొవ్వు కణాల మధ్యకు రోగనిరోధక కణాలు చేరి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 వంటి రసాయనాలు వదులుతాయి. వాటి ధాటికి కండరాలూ కాలేయమూ ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. క్లోమం ఓవర్‌టైం చేసీ చేసీ చతికిలబడుతుంది. ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా పాత్ర 1993లోనే బయటపడింది. రక్తంలో ఈ వాపును సూచించే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న మహిళలకు తర్వాతి కాలంలో మధుమేహం ఎక్కువగా వచ్చిందని 2001లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. పీచు తగినంత ఉంటే పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తాయి. అది పేగు గోడను కాపాడి ఈ వాపును అణచడానికి తోడ్పడుతుంది. తక్కువ గ్లైసీమిక్ ఇండెక్స్ తిండితో సీఆర్‌పీ తగ్గుతుందా అన్నదానిపై ప్రయోగాల ఫలితాలు ఒక్కతీరుగా లేవు. పీచు వైపు సాక్ష్యం అంతకంటే గట్టిది: 2019లో ‘లాన్సెట్’ ప్రచురించిన సమీక్ష రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు మేలని తేల్చింది. తెలుగువాడి పరిష్కారం వేరు. కడుపునిండా తెల్లన్నం తిని, పడుకోబోయే ముందు వాపు తగ్గడానికి పసుపు పాలు తాగుతాడు, బెల్లం వేసుకుని.

‘లావు లేను కదా’ అనే వాదన కూడా ఉంది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమ శరీరాలనే కొలుచుకుని 2004లో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నటి కాళ్ళూ చేతులూ బానపొట్టకు పూచీకత్తు కావు.

ఇక ప్రత్యామ్నాయం. 2025లో వెలువడిన వైద్య పరిశోధన మండలి విశ్లేషణ ప్రకారం భారతీయుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు అందులో కనబడలేదు. పిండిపదార్థాల్లో కొంత తగ్గించి ఆ మేరకు పప్పుల నుంచో పాల నుంచో ప్రోటీన్ తీసుకుంటే తగ్గినట్టు కనబడింది. అంటే అన్నం కొంత దించి, పప్పూ పెరుగూ పెంచడమే. ఈ సలహాను ప్యాకెట్లో పోసి, ముందువైపు బొమ్మ వేసి అమ్మే వీలు లేదు; కాబట్టి ప్రకటనల్లో రాదు.