పాపికొండల మౌనమునులు

పేరంటపల్లిలో రామకృష్ణ మునివాటం ఉంది. పాపికొండల యాత్రకొచ్చినవాళ్లంతా అక్కడ లాంచీ దిగి, మెట్లెక్కి, శివుడికి దణ్ణం పెట్టుకుని, చెట్ల కింద కాసేపు నిలబడి వెనక్కి తిరుగుతారు. మునులెవరూ కనబడలేదేమని ఒకరిద్దరు అడుగుతుంటారు కూడా. ఆ మునులు లాంచీలోనే ఉన్నారని పాపం వాళ్లకు తట్టదు. గండిపోశమ్మ రేవులో ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా, చెవి పక్కన పరాయివాడి స్పీకరు మోగిపోతున్నా, ఎవరి పిల్లాడో చొక్కా మీద కూల్‌డ్రింకు ఒంపినా, ఎదర కుర్చీ మీద చేతిరుమాలు పరిచి పోయిన పెద్దమనిషి రెండు గంటలైనా తిరిగి రాకపోయినా పెదవి విప్పని మహామునులు వాళ్లు.

వాళ్లు జపించే మంత్రం ఒక్కటే: "సరదాకొచ్చాం కదండీ, ఊరుకోండి."

ఈ మంత్రం మహిమ ఏమిటంటే ఇది రెండువైపులా పనిచేస్తుంది. స్పీకరు పెట్టినవాణ్ణి ఎవరైనా అడిగితే వాడు చెప్పేదీ ఇదే, సరదాకొచ్చాం కదండీ అని. చెవులు మూసుకున్నవాడు పెళ్లాంతో చెప్పేదీ ఇదే. ఒకడికి లైసెన్సు, ఇంకొకడికి ఓదార్పు. ఇద్దరూ ఒకే ధరకి టిక్కెట్టు కొన్నారు మరి.

లాంచీలో మైకు ఎలాగూ ఉంటుంది. దాంట్లో పాటలూ, మధ్యమధ్య కొండల పేర్లూ, ఊళ్ల పేర్లూ చెబుతుంటారు. అది చాలదని హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన ఒక బృందం పై డెక్కు మీద సొంత స్పీకరు తెరుస్తుంది. కింద మాస్ పాట, పైన ఐటెం సాంగు. రెండింటి మధ్య గోదారి ఇరుకవుతుంది, కొండలు దగ్గరికొస్తాయి. ఇంత దూరం వచ్చింది ఏ దృశ్యం కోసమో ఆ దృశ్యం వచ్చి వెళ్లిపోతుంది. 2008లో ఈ కొండల్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడి పిట్టలకు ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో గానీ, లాంచీ చప్పుడు వినగానే అవి జిల్లా దాటి పోతుంటాయి. "మైకులో ఏదో చెబుతున్నాడు, ఏమిటండీ?" అని పక్కాయన్ని అడిగితే, "వినబళ్లేదండీ, అయినా సరదాగా ఉంది కదా" అంటాడు. అంత తపస్సు మన వల్ల కాదు.

భోజనాలయ్యాక అసలు పూజ మొదలవుతుంది. పొద్దున్నే గోదారమ్మకి పసుపూ కుంకుమా వేసి కళ్లకద్దుకున్న చెయ్యే మధ్యాహ్నం సాంబారన్నం మిగిలిన పేపరు ప్లేటుని అదే గోదారమ్మ ఒళ్లోకి గిరాటేస్తుంది. నలుగురు చూస్తారు. వాళ్లలో ఇద్దరు తలతిప్పుకుంటారు, మూడోవాడు నిట్టూరుస్తాడు. నాలుగోవాడు "అదిగో, అందరూ అక్కడే వేస్తున్నారు" అని పిల్లాడికి దారి చూపిస్తాడు.

మునులు నిరసన తెలపరని నేననను. వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. మొదటిది గొంతు సవరించుకోవడం. స్పీకరు మోతలో దాన్ని వినేవాడు దొరకడు. రెండోది పక్కనున్న భార్యతో, ఎదుటివాడి చెవినపడేలా, "కొంతమందికి బొత్తిగా బుద్ధుండదు" అనడం. ఆ కొంతమందిలో తను లేననుకుని ఎదుటివాడు కూడా తలాడిస్తాడు. మూడోది సెల్‌ఫోన్లో వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టడం. మేనత్తలూ బావమరుదులూ అక్కణ్ణుంచి తెగ మండిపడతారు. చిట్టచివరిది బ్రహ్మాస్త్రం. రాత్రి లాడ్జికి చేరి, స్నానం చేసి, మంచమ్మీద పడుకుని, బోటు ఓనరుకి ఒక్క చుక్క రేటింగు ఇవ్వడం. స్పీకరు ఎవరిది, చుక్క ఎవరికి అని అడగకండి, అస్త్రం వదిలేశాక వెనక్కి రాదు.

ఇంతవరకూ చదివి, పోనీలెండి, నోట్లో నాలుక లేని మంచివాళ్లని మీరు జాలిపడితే మోసపోయినట్టే. అదే ముని మధ్యాహ్నం భోజనం దగ్గర ఎలా ఉంటాడో చూడండి. వడ్డించే కుర్రాడు సాంబారు రెండోసారి తేవడం ఆలస్యమైతే ఆయన గొంతు అవతలి గట్టున ఆవుల్ని కూడా లేపుతుంది. "డబ్బులు ఊరికే ఇచ్చామా? మీ ఓనర్ని పిలు!" పేరంటపల్లిలో వెదురుతో చేసిన పూలు అమ్ముకునే కొండరెడ్డి ఆడమనిషి దగ్గర పది రూపాయల కోసం పావుగంట వాదిస్తాడు. ఆత్రేయపురం రోడ్డు మీద పూతరేకులు చుట్టే ఆవిడ్ని "ఇందులో నెయ్యుందా అసలు?" అని నిలదీస్తాడు. రాజమండ్రి స్టేషన్ బయట ఆటోవాడితో ఆయన చేసే తగువు వింటే ఏ హైకోర్టులోనైనా వాదించగలడనిపిస్తుంది. ఈ మౌనం ఎవరి ముందు మొదలై ఎవరి ముందు ఆగుతుందో కాస్త గమనిస్తే లెక్క తెలిసిపోతుంది. ముందు మెడ వైపు చూస్తాడు, గొలుసెంత లావుందని. తర్వాత రేవు దగ్గర ఆగిన బండి చూస్తాడు. దాని అద్దం మీద 'ఫలానా ఎమ్మెల్యే గారి తాలూకా' అని స్టిక్కరుంటే ఇంక అడక్కండి, ఆ స్పీకర్లోంచి వచ్చేది సామగానమే. ఇందులో ఓర్పెక్కడుందండీ? అంతా కూడికలూ తీసివేతలూ.

అడిగితే మాత్రం దీనికి మర్యాదని పేరు పెడతారు. "గోదారోళ్లం కదండీ, ఎదుటి మనిషిని నొప్పించలేం, ఆయ్." మా జిల్లాల మర్యాద పేరు చెప్పుకుని ఎన్నాళ్లుగానో పిరికితనం సుఖంగా బతుకుతోంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన దారినపోయేవాడికి కూడా అన్నం పెట్టారు. ఆకలితో వచ్చిన పరాయివాడికి విస్తరి వెయ్యడం మర్యాద. కడుపు నిండినవాడు తన ఎంగిలి విస్తరి మన వాకిట్లో పారేస్తే నవ్వుతూ నిలబడమని ఆవిడ ఎవరికీ నేర్పలేదు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర సాక్షాత్తూ గోదావరికే అడ్డం కట్టాడు. ఆ కాలవ నీళ్లు తాగి పెరిగిన మనకి పక్క సీటు స్పీకరుకి అడ్డం చెప్పే ఓపిక లేదు. ఇక వీరేశలింగం పంతులుగారి సంగతి తలుచుకుంటే మరీ సిగ్గేస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన వితంతు వివాహం చేయించినప్పుడు ఎదిరించింది సొంత ఊరి పెద్దల్ని. మర్నాడు పొద్దున్నే మళ్లీ మొహాలు చూడాల్సినవాళ్లని. మనం మాట చెప్పాల్సిన మనిషి సాయంత్రం రేవులో దిగి తన దారిన పోతాడు, ఈ జన్మలో మళ్లీ కనబడడు. ఇంతకంటే సులువుగా మాట చెప్పగలిగిన మనిషి లోకంలో ఉంటాడా? మునులు దీన్ని కూడా తిరగేస్తారు. మళ్లీ కనబడనివాడికి చెప్పి ఏం లాభమండీ, అంటారు.

సంక్రాంతికి ఈ జబ్బు ఇంటిపట్టున ఉన్నవాళ్లకీ అంటుకుంటుంది. భీమవరం చుట్టుపక్కల ఆ మూడు రోజులూ లాడ్జిలో గది దొరకడం అటుంచి కాలవ గట్టు మీద కారు తిప్పుకునే చోటు దొరకదు. ఎవడో వచ్చి మీ గేటుకి అడ్డంగా బండి పెట్టి కోడిపందేలకి పోతాడు. అడుగుదామని చెప్పుల్లో కాళ్లు పెట్టేసరికి ఇంట్లోంచి కేక: "ఊరుకోండి, ఎవరింటి అల్లుడో ఏమో!" ఇది మాత్రం నిజంగానే పెద్ద చిక్కు. వందరకాల పిండివంటలు ముందు పెట్టి కొత్తల్లుణ్ణి కూర్చోబెట్టే దేశంలో, అడ్డంగా బండి పెట్టిన ప్రతివాడూ ఎవరో ఒకరి అల్లుడో, అల్లుడుగారి స్నేహితుడో అయివుంటాడు. కనుమ మర్నాడు దాకా మీ బండి లోపలే, మీరు లోపలే.

రైల్లో అయితే రూల్సున్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పడుకునే వేళని రైల్వే 2017లోనే స్పష్టం చేసింది. హెడ్‌ఫోన్ లేకుండా పాటలు పెట్టొద్దు, ఫోన్లో గట్టిగా మాట్లాడొద్దు అని 2022 జనవరిలో మళ్లీ ఉత్తర్వులిచ్చింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పదకొండున్నరకి పై బెర్తు మీద ఎవరో రీల్సు చూస్తుంటాడు. బోగీలో సగం మందికి ఈ రూలు తెలుసు, తెలిసే దుప్పటి నెత్తిన లాక్కుంటారు. సామర్లకోటలో దిగాక "రైల్వే వాళ్లు బొత్తిగా పట్టించుకోవట్లేదు" అని ప్లాట్‌ఫారమ్మీద గొప్ప చర్చ జరుగుతుంది.

మళ్లీ లాంచీకొస్తే, లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం ఈ మౌనం చూస్తే నాకు నవ్వు రాదు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదుండగా, కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి నలభై మందికి పైగా పోయారు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి ఎన్నో ప్రయత్నాలు చేసి అక్టోబరు 22న గానీ ఆ బోటుని పైకి తేలేకపోయింది. ఆ పాపం ప్రయాణికులది కాదు, అంత వరదలో బోటు కదలడమే తప్పు. అందుకే తర్వాత కంట్రోల్ రూములొచ్చాయి, జాకెట్ల విషయంలో గట్టి పట్టింపు వచ్చింది. ఇప్పుడు లాంచీ రేవు దాటగానే ఎవరో ఒకరు ఉక్కపోస్తోందనో, ఫోటోలో పొట్ట లావుగా కనిపిస్తోందనో దాన్ని విప్పి కుర్చీ మీద పడేస్తారు. ఆయన్ని చూసి ఇంకొకాయన. సెల్ఫీకి ఇరవై మంది ఒకే పక్కకి పోతే సరంగు అరుస్తాడు, బతిమాలతాడు. అతను జీతగాడు, అతని మాట గాలికి పోతుంది. టిక్కెట్టు కొన్న ఇంకో ప్రయాణికుడు "బాబూ, వేసుకోండి, ఇటు రండి" అంటే వింటారేమో గానీ, ఆ ప్రయాణికుడు మౌనంలో ఉన్నాడు. తన సరదా పాడవకూడదని తన ప్రాణం కూడా లెక్క చెయ్యని త్యాగి!

ఒక్క విషయంలో మునులతో ఏకీభవిస్తాను. రాత్రిపూట ఉప్పాడ రోడ్డు మీదో మారేడుమిల్లి అడవిలోనో తాగి ఉన్న గుంపు కనబడితే, పిల్లాపాపలతో ఉన్నవాళ్లు వెళ్లి నీతులు చెప్పక్కర్లేదు. 112కి ఫోన్ చేసి పక్కకి తప్పుకోవడమే తెలివి. ఫోన్ కెమెరా తెరిచి "నేనెవరో తెలుసా" అని లైవులో యుద్ధం చేసే వీరుల్ని కూడా నేను సమర్థించను. ఆ యుద్ధం సగం లైకుల కోసమే. కానీ పట్టపగలు, వందమంది మధ్య, ఇంటిల్లిపాదితో వచ్చిన ఉద్యోగస్తుడి స్పీకరు తగ్గించమనడానికి ఏ పోలీసు కావాలండీ?

పైగా కోపం కూడా అక్కర్లేదు. ఈ గడ్డ మీద పుట్టినవాడికి ఎటకారం ఉగ్గుపాలతో పోస్తారు. ఆ ఆయుధం ఇంట్లో పెట్టుకుని వచ్చి నిరాయుధుణ్ణని ఏడవడమేమిటి? కుర్చీ మీద రుమాలుంటే: "ఏవండీ, మీ రుమాలుగారికి ఎండ తగుల్తున్నట్టుందండి, లోపల కూర్చోబెట్టమంటారా?" స్పీకరు మోగితే: "పాటలు బెమ్మాండంగా ఉన్నాయండి బాబూ, అంత పుణ్యం మేం చేసుకోలేదు, మీరొక్కరే వినండి." పేపరు ప్లేటు ఎత్తిన చెయ్యి కనబడితే: "గోదారమ్మ ఇందాకే బోంచేసిందండి, ఇంక వడ్డించకండి, ఆయ్!" పదిమంది నవ్వుతారు. పదిమంది నవ్వినచోట ఎంత లావు గొలుసువాడైనా ప్లేటు వెనక్కి తీసుకుంటాడు. ఒకవేళ తీసుకోలేదనుకోండి, మీ సరదా అప్పటికే పాడయింది, కొత్తగా పోయేదేం లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. దేశం నలుమూలల నుంచీ జనం మా రేవుల్లోకి దిగుతారు. మునులు కూడా వస్తారు, తలమునకలుగా మూడు మునకలేసి, పక్కవాడు విసిరిన షాంపూ ప్యాకెట్టు మొహానికి తగిలినా గంగమ్మ ప్రసాదమనుకుని తుడుచుకుని పోతారు. అయ్యా, అమ్మా, మీరు అలా పోకండి. ఆ ప్యాకెట్టు తీసి వాడి చేతికే ఇవ్వండి. వాడు మా ఊరివాడని తెలిస్తే మరీ గట్టిగా ఇవ్వండి.