సినిమా వాదనలో ఓడిపోకుండా ఉండటం ఎలా?

శుక్రవారం మధ్యాహ్నానికల్లా తెలుగువాళ్లు రెండు మతాలుగా చీలిపోతారు. సినిమా బాగుందా లేదా అన్నది రుజువు చేయగల విషయమేననేది ఒక మతం, ఎవరి టేస్టు వారిదనేది రెండోది. చిత్రం ఏమిటంటే ప్రతి మనిషికీ రెండింట్లోనూ సభ్యత్వం ఉంటుంది. ఏ పూట ఏది వాడాలో ఆ వారం విడుదలైంది ఎవరి బొమ్మ అన్నదాన్ని బట్టి తేలుతుంది. థియేటర్ మెట్ల మీద, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో, పెళ్లి భోజనాల బంతుల్లో, డాలస్‌లో ప్రీమియర్ షో వదిలాక కార్ల మధ్య నిలబడి అందరూ చేసేది ఇదే. మీరూ చేస్తారు, నేనూ చేస్తాను. ఇంత విస్తారంగా సాగే విద్యకు ఒక గైడు లేకపోవడం అన్యాయం కాబట్టి ఈ ప్రయత్నం.

మొదటి సూత్రం ఒక్కటి ఒంటబడితే సగం చదువు అయిపోయినట్టే. మీకు నచ్చిన సినిమా గొప్పది, అవతలివాడికి నచ్చింది వాడికి నచ్చిందంతే. మీకు నచ్చనిదాంట్లో స్క్రీన్‌ప్లే లేదు, వాడికి నచ్చనిది వాడికి అర్థం కాలేదు. ఈ నాలుగు వాక్యాలూ ఒకే ముఖంతో, తడబడకుండా అనగలగాలి.

రెండోది, మాట తడబడితే అంకె చెప్పండి. 5కి 2.75 అన్నారనుకోండి, ఇక ఎవరూ కిక్కురుమనరు. మూడుకు ఆ పావు ఎక్కడ తగ్గింది, ఏ సీన్ దగ్గర తగ్గింది అని అడిగినవాడు తెలుగు సమీక్షల చరిత్రలో లేడు. విదేశీ అంకె అయితే మరీ మంచిది. రాటెన్ టొమాటోస్ చూపించే శాతం సినిమా ఎంత గొప్పదో చెప్పే మార్కు కాదు, ఎంతమంది సమీక్షకులు మొత్తమ్మీద సానుకూలంగా రాశారన్న లెక్క మాత్రమే. 100 మందీ ‘ఏదో, పర్వాలేదు’ అన్న సినిమాకు 100 శాతం రావచ్చు, 90 మంది నెత్తిన పెట్టుకుని 10 మంది ఛీకొట్టినదానికి 90 వస్తుంది. ఈ సంగతి మీకు తెలిసినా పైకి చెప్పకండి.

మూడోది, వీలైతే సినిమా చూడకుండానే వాదించండి. చూస్తే సందేహాలు వస్తాయి.

నాలుగోది బ్రహ్మాస్త్రం. ఓడిపోతున్నట్టు అనిపించగానే ఒక్క నిట్టూర్పు విడిచి ‘లోకం భిన్నరుచి’ అనండి. అవతలివాడి దగ్గర ఎన్ని సాక్ష్యాలున్నా మడిచి జేబులో పెట్టుకోవాల్సిందే. పైగా కాళిదాసు అండ ఉందాయె. అయితే కాళిదాసు ఆ మాట ఎక్కడ అన్నాడో మాత్రం ఎవరూ వెతక్కుండా చూసుకోండి. రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరం జరుగుతుంది. అంగరాజును దాటి ఆమె ముందుకు సాగిపోతుంది. అక్కడ కవి చెప్పింది మూడు సంగతులు: ఆ రాజు కోరదగనివాడు కాదు, ఈమెకు చూడటం చేతకాకా కాదు, లోకుల అభిరుచులు వేరువేరు. మనం చివరి ముక్క పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేశాం. అంగరాజు యోగ్యత ఎక్కడికీ పోలేదు, ఇందుమతి చూపూ మసకబారలేదు, అయినా దండ పడలేదు. ‘బాగుంది’ది ఒక ఖాతా, ‘నాకు నచ్చింది’ది మరో ఖాతా. ఒకదాని బాకీ ఇంకోదాంట్లో జమ వేసుకోవడం దగ్గరే మన గొడవలన్నీ పుడుతున్నాయి.

‘బాగుంది’ అనే ఖాతా అసలు ఉందా, అదీ మన ఊహేనా అని అడగవచ్చు. డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి మీద రాసిన వ్యాసంలో డాన్ క్విక్సోట్ నవల నుంచి ఒక కథ చెబుతాడు. సాంకో పాంజా బంధువులిద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారాయి రుచి చూస్తారు. మంచిదే గానీ కాస్త తోలు వాసన తగులుతోందని ఒకరు, కాదు ఇనుము రుచి తగులుతోందని మరొకరు అంటారు. జనం ఇద్దరినీ చూసి నవ్వుతారు. పీపా ఖాళీ చేసి చూస్తే అడుగున తోలు పట్టీ కట్టిన ఇనుప తాళంచెవి ఉంటుంది.

సినిమాలో తాళంచెవి ఎక్కడుంటుందంటారా? హ్యూమ్ వ్యాసం వచ్చిన సరిగ్గా 200 ఏళ్లకు, 1957లో వచ్చిన మాయాబజార్ చూడండి. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారాక తెర మీద ఉన్నది సావిత్రి. కానీ ఆ భుజం విరుపు, ఆ నడక, చటుక్కున గుర్తొచ్చి సర్దుకునే ఆ సిగ్గు చూడండి. అంతకుముందు ఎస్వీ రంగారావు వేసి చూపించిన మనిషే ఆ పట్టుచీరలో కనిపిస్తాడు. అది చూసి మీకు నవ్వు రావచ్చు, రాకపోవచ్చు, అది మీ ఇష్టం. ఆమె ఆ పని చేసిందా లేదా అన్నది మాత్రం ఎవరి ఇష్టమూ కాదు, రీలులో ఉంది. అలాగే కథంతా పాండవుల బంధువుల ఇంట్లో నడిచినా పాండవులు ఒక్కసారీ తెర మీదికి రారు, వాళ్లు లేరన్న వెలితీ తెలియదు. కె.వి. రెడ్డి కథనం ఎంత బిగువైనదో చెప్పడానికి ఇలాంటివే సాక్ష్యాలు. నాణ్యత గురించి మాట్లాడటమంటే ఇంతకుమించి ఏమీ లేదు. ‘అదిగో, అక్కడ’ అని వేలు పెట్టి చూపించాలి, అవతలివాడు కూడా చూడగలగాలి.

ఇక్కడో గట్టి అభ్యంతరం ఉంది. చూడదగినవేవో నిర్ణయించేది చదువుకున్న నగరవాసులు, వాళ్ల టేస్టునే నాణ్యత అని పేరు మార్చి మన మీద రుద్దుతున్నారని. ఇందులో నిజం లేకపోలేదు. గొప్ప సినిమాలేవో తేల్చడానికి సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకోసారి విమర్శకులతో పెట్టే పోల్‌లో 1962 నుంచి 2002 దాకా సిటిజన్ కేన్, 2012లో వెర్టిగో మొదటి స్థానంలో ఉన్నాయి. ఓటర్లను 846 నుంచి 1,639కి పెంచిన 2022లో, అంతవరకు మొదటి పదిలోనే లేని జాన్ దీల్మాన్ నేరుగా మొదటికొచ్చింది. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు, చూసేవాళ్లు మారారు. చూశారా, అంతా టేస్టే అని చంకలు గుద్దుకోకండి. కొత్తగా వచ్చినవాళ్లు ఊరికే చేతులెత్తలేదు. శాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన ఆ సినిమా మూడు గంటల పైన నడుస్తుంది. ఒక గృహిణి ఇంటిపని కదలని కెమెరా ముందు సాగుతూ ఉంటుంది. ఆ క్రమం మనకు అలవాటయ్యాక రెండో రోజు పొయ్యి మీది బంగాళాదుంపలు మితిమీరి ఉడికిపోతాయి. అంతే, గుండె జారుతుంది. ఆ దుంపలు అక్కడ పెట్టింది దర్శకురాలు. పాత ఓటర్లలో చాలామంది దానికి అంత విలువ కట్టలేదు. అంతమాత్రాన అవి లేవని కాదు. మాస్ సినిమాకూ ఇదే కొలత. ఇంటర్వెల్ బ్యాంగ్‌కు ముందు హీరో ఎంతసేపు ఓర్చుకున్నాడు, ఆ ఓర్పుకు కారణం మనకు ముందే చెప్పారా లేదా అన్నది బి, సి సెంటర్ ప్రేక్షకుడికి విమర్శకుడి కంటే బాగా తెలుసు.

అయిదోది, కాలానికి వదిలేయండి. మీకు నచ్చింది ఫ్లాపయితే ‘కాలమే చెబుతుంది’ అనండి, వాడికి నచ్చింది ఫ్లాపయితే ‘జనం పిచ్చివాళ్లా’ అనండి. ఉదాహరణలకు కొదవలేదు. రెన్వా తీసిన రూల్స్ ఆఫ్ ది గేమ్‌ను 1939లో పారిస్ ప్రేక్షకులు గోల చేసి తరిమికొట్టారు, తర్వాత దశాబ్దాల పాటు అది సైట్ అండ్ సౌండ్ పోల్ మొదటి పదిలో నిలిచింది. శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు వెలవెలబోయాయి. మొదటి ఆట టాక్ విని తీర్పు రాసేవాళ్లకు ఇవి చాలు. కానీ కాలానికీ పక్షపాతాలున్నాయి. 2010లో చతికిలబడ్డ ఆరెంజ్, ఖలేజాలు రీ-రిలీజులో హాళ్లు నింపాయి. ఆ జనం సినిమాను మళ్లీ చూసి మార్కులు పెంచారా, తమ కాలేజీ రోజులను తెర మీద చూసుకోవడానికి వచ్చారా? బహుశా రెండూ. ఈ గైడంతటిలో ఎవరికీ ఇష్టం లేని మాట ఇదే. ఒక సినిమాను తిడితే మనకు మంట పుట్టేది అందులోని షాట్ల కోసం కాదు. ఆ సినిమా నచ్చిన వయసులో మనకు బుద్ధి ఉందా లేదా అన్న ప్రశ్న వచ్చి పడుతుంది కాబట్టి. అందుకే ‘చెత్త సినిమాయే, కానీ నాకు ప్రాణం’ అనేవాళ్లు, ‘గొప్పదే, నాకు మాత్రం నిద్రొచ్చింది’ అనేవాళ్లు ఇంత తక్కువ.

ఆరో సూచన, ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్. ఏ సినిమాకైనా పనికొస్తుంది.

వచ్చే శుక్రవారం ఎవరైనా ‘బొమ్మ ఎలా ఉంది’ అని అడిగితే ముందు ఒక సీన్ చెప్పండి, నచ్చిందో లేదో తర్వాత విడిగా చెప్పండి. కలెక్షన్ల లెక్క నిర్మాతకు వదిలేయండి, ఆ డబ్బెలాగూ మనకు రాదు.