ఎంట్రెన్సు దాకానే ప్రేమ

ఐదో తరగతి చదివే పిల్లాడున్న ఇంటికి ఈ ఏడాది చుట్టపుచూపుగా వెళ్లకండి. తప్పదనుకుంటే టీవీ పెట్టమనకండి, గట్టిగా నవ్వకండి, "ఏరా, పెద్దయ్యాక ఏమవుతావు?" అని అసలే అడక్కండి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. వాడు నవోదయ అవుతాడు. అది తప్పితే సైనిక్ అవుతాడు. అదీ తప్పితే గురుకులం. ఈ మూడూ తప్పితే ఏమవుతాడో వాళ్లమ్మ నోటితో అనదు, దేవుడి పటం వైపు చూస్తుంది. పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడలేదు గానీ "లాస్ట్ ఛాన్స్" అనే మాటకి వాడికి అర్థం తెలిసిపోయింది.

తెలియక చస్తుందా! కలెక్టరు కావాలంటే జనరల్ కేటగిరీ వాళ్లు కూడా ఆరుసార్లు సివిల్స్ రాసుకోవచ్చు. నవోదయలో ఆరో తరగతికి మాత్రం ఒక్కసారే. ఐదు చదువుతుండగా రాయాలి, పోతే పోయినట్టే. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు, బడికి 80 సీట్లు. ఆ రెండు గంటల కోసం నాలుగో తరగతిని రెండేళ్లు చదివించిన తల్లిదండ్రులు మన మధ్యే తిరుగుతున్నారు. అడిగితే "వయసు సరిపోలేదండీ" అంటారు. వయసు బాగానే సరిపోయింది. మెటీరియల్ పూర్తి కాలేదు.

రాజీవ్ గాంధీ హయాంలో, 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన బడులివి. ట్యూషన్ గడప తొక్కని పల్లెటూరి పిల్లల్లో చురుకైనవాళ్లని ఏరి, పట్నం పిల్లలకి దొరికే చదువు వాళ్లకీ అందించాలన్నది ఉద్దేశం. అందుకే ప్రశ్నల్లో సగం, అంటే 40, ఒట్టి బొమ్మలు. అద్దంలో ఈ బొమ్మ ఎలా కనిపిస్తుంది? కాగితం మడిచి చిల్లు పొడిచి విప్పితే ఎక్కడెక్కడ చిల్లులుంటాయి? భాషతో పనిలేదు, పుస్తకంతో పనిలేదు. ఇక దీనికెవడు కోచింగ్ ఇస్తాడులే అని ఆ పరీక్ష తయారుచేసిన పెద్దలు అనుకుని ఉంటారు. పాపం, వాళ్లకి మన సంగతి తెలియదు. ఈ బొమ్మలకి మనం షార్ట్‌కట్లు కనిపెట్టాం, బిట్ బ్యాంకులు అచ్చేశాం, ఆదివారం గ్రాండ్ టెస్టులు పెట్టాం. ఇవాళ కోచింగ్ పిల్లాడు మడత బొమ్మ వంక చూసీ చూడగానే ఆన్సర్ 'సి' అని బబుల్ దిద్దేస్తాడు. వాడి చేతికి నిజం కాగితం మాత్రం ఎవరూ ఇవ్వరు. పడవ చేసుకుంటాడేమోనని భయం.

నవోదయలో తిండి, బట్ట, పుస్తకం, మంచం అన్నీ సర్కారువే. కొందరి దగ్గర నెలనెలా కొంత రుసుం తీసుకుంటారు, అంతే. ఆ ఉచితం కోసం కోచింగ్ సెంటరుకి కట్టిన ఫీజు, హాస్టలు, మెటీరియలు, నెలనెలా చూడ్డానికి వెళ్లిన ఆటో ఖర్చులు కూడితే ఉచితమంత ఖరీదైన వస్తువు ఇంకోటి లేదని తెలుస్తుంది.

అసలు విద్య ప్రశ్నపత్రంలో లేదు, హాజరుపట్టీలో ఉంది. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివితేనే ఆ కోటా. అందుకని మూడో తరగతి రాగానే టౌనులోని తండ్రి ఊళ్లో టీచరుగా ఉన్న బావమరిదికి ఫోను చేస్తాడు.

"ఒరేయ్, మావాడి పేరు మీ బళ్లో రాయించాలిరా."

"వస్తాడా బావా?"

"వాడెందుకొస్తాడు? పేరొస్తుంది."

బావమరిదికీ అభ్యంతరం లేదు. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తారు, లేదా పక్కూరి బడిలో కలిపేస్తారు. ఒక పేరు పెరిగితే ఒక ఏడాది గడుస్తుంది. అలా మన యువరాజు కాగితం మీద పంచాయతీ బడి పిల్లాడు. మధ్యాహ్నం పూట రికార్డులో వాడి వంతు కోడిగుడ్డు కూడా తింటాడు. అదే సమయానికి టౌనులో కోచింగ్ హాస్టల్ రెండో అంతస్తులో, నీళ్ల సాంబారు ముందు కూర్చుని "గ్రామీణ ప్రతిభ" అనిపించుకోవడానికి గసాభాలు బట్టీ పడుతుంటాడు. ఆ పంచాయతీ బడిలోనే రోజూ నిజంగా నేలమీద కూర్చుని చదివే పిల్ల ఒకతె ఉంది. ఈ పథకం రాసింది ఆ పిల్ల కోసం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేవాడు లేక ఆ పిల్ల పరీక్షకే వెళ్లలేదు.

మనవాళ్ల ఇష్టాయిష్టాల పట్టిక ఇంకా ముచ్చటైనది. కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో పెట్టారు, కలికిరిది 2014లో వచ్చింది. పిల్లల్ని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి తయారుచేయడం, అంటే సైన్యంలో అధికారుల్ని చేయడం ఆ బడుల పని. పేరులోనే ఉంది, దాచిందేమీ లేదు. ప్రవేశ పరీక్ష 300 మార్కులకైతే అందులో 150 లెక్కలకే. ఈ లెక్క మనవాళ్లకి తెగ నచ్చింది. "సైన్యంలోకి పంపుతారన్నమాట" అనండి. ఆ తండ్రి ఉలిక్కిపడతాడు. "అబ్బే, సైన్యమెందుకండీ, మాకొక్కడే కదా! డిసిప్లిన్ కోసం." పొద్దున్నే లేవడం, పక్క మడతపెట్టుకోవడం, పెద్దలకి ఎదురు చెప్పకపోవడం, చివరికి ఐఐటీ. దేశరక్షణ సంగతి పక్కింటివాళ్ల అబ్బాయి చూసుకుంటాడు. ఆగస్టు 15న వాట్సాప్ స్టేటస్ మాత్రం ఈయనదే ముందు.

గురుకులం మూడో స్థానంలో ఎందుకుందో గట్టిగా అడిగితే కాస్త గొంతు తగ్గిస్తారు. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేలులో మొదలైన గురుకులమంటే మెరిట్ కింద లెక్క, గౌరవమే. బోర్డు మీద "సాంఘిక సంక్షేమ" అని కనిపిస్తే మాత్రం ముఖం ముడుచుకుంటుంది. "వాతావరణం ఎలా ఉంటుందోనండీ" అంటారు. వాతావరణమంటే గాలీ వానా కాదని మనకీ తెలుసు, వాళ్లకీ తెలుసు. పదమూడేళ్లకే, 2014లో, ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ అలాంటి బడి పిల్లేనని గుర్తుచేశారనుకోండి. ఒక్క క్షణం ఆలోచించి, "నిజమేననుకోండి, కానీ మ్యాథ్స్ ఫౌండేషన్ ఎలా ఉంటుందంటారు?" అంటారు.

సర్కారువారిది చిన్న పాత్రేమీ కాదు. జిల్లాకో మంచి బడి కట్టి, మిగిలిన బడుల్ని మీ చావు మీరు చావండని వదిలేస్తే జనం ఆ ఒక్క గేటు మీదే పడతారు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. నవోదయలు మాత్రం 2024 దాకా తొమ్మిది దగ్గరే కూర్చున్నాయి. 2024 డిసెంబరులో కేంద్రం మరో ఏడు మంజూరు చేసింది. మా దగ్గర పెట్టాలంటే మా దగ్గరని నాయకులు కొట్టుకున్నంతగా, ఊళ్లోని మామూలు బడికి లెక్కల టీచరు కావాలని ఎవరూ కొట్టుకోరు.

సరే, సీటు వచ్చిందనుకుందాం. తొమ్మిదిలో కొంతమందిని ఏడాదిపాటు హిందీ ప్రాంతపు నవోదయకి పంపుతారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. దేశ సమైక్యత కోసం పెట్టిన నియమం. పిల్లాడు భిన్నత్వంలో ఏకత్వం మీద వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్నప్పుడు ఫొటో తీసి అందరికీ పంపిన తండ్రే, లిస్టులో వాడి పేరు చూడగానే ఎంపీ గారి పీఏ నంబరు వెతుకుతాడు. "వాడికి రొట్టెలు పడవు సార్." పది అయిపోగానే టీసీ తీసుకుని కార్పొరేట్ కాలేజీలో ఇంటరుకి పడేస్తాడు. పన్నెండు దాకా నవోదయ ఇస్తానన్న చదువు, రెండేళ్ల కోచింగ్‌తో, దొంగ హాజరుతో సంపాదించిన చదువు, పదితోనే చేదైపోయింది.

ఫలితాలొచ్చిన మర్నాడు ఊరి సెంటర్లో చూడండి. ఒకే పిల్లాడు మూడు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నవ్వుతుంటాడు. ఒకదాంట్లో చదివాడు, ఒకదాంట్లో గ్రాండ్ టెస్టు రాశాడు, మూడోదాని ముందునుంచి సైకిల్ మీద వెళ్లాడు. ఆ ఇంట్లో మాత్రం సంబరం లేదు. హాస్టల్లో వదిలి ఎలా ఉండగలనని తల్లి ఏడుస్తోంది. చేర్చాలా, వెయిటింగ్ లిస్టు వాళ్లకి వదిలేయాలా అని తండ్రి వాస్తు సిద్ధాంతి సలహా అడుగుతున్నాడు. పిల్లాణ్ని అడగాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు. ఈలోగా వాడి చెల్లెలు మూడో తరగతికొచ్చింది. బావమరిదికి మళ్లీ ఫోను వెళ్లింది.