అత్త మీద కోపం కోడి మీద

2012 మే 7, సోమవారం. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో బ్లాక్‌బర్న్ అనే ఊరు, ఒకప్పుడు నూలు మిల్లులతో బతికిన ఊరు. ఆ ఊరి జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్‌కి సొంత స్టేడియం ఈవుడ్ పార్క్‌లో విగన్‌తో చావోరేవో మ్యాచ్. ఆట మొదలైందో లేదో మైదానంలోకి ఒక కోడి దిగింది. బొమ్మ కాదు, వేషం కాదు, ప్రాణమున్న కోడి. ఒంటికి రోవర్స్ జెండా చుట్టి ఎవరో అభిమాని వదిలాడు. మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ దృశ్యం చూపిస్తే ముందు కాలికి కత్తేదని అడుగుతారు. కత్తి లేదు. అది తాపీగా గడ్డిలో తిరిగింది. ఆ పూట రోవర్స్ రంగులు కట్టుకున్నవాళ్ళందరిలో కంగారు పడనిది అదొక్కటే. దాన్ని పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. 87వ నిమిషంలో విగన్ డిఫెండర్ ఆల్కరాస్ తలతో గోల్ కొట్టాడు. రోవర్స్ 0-1తో ఓడి, ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి పడిపోయింది.

కోడే ఎందుకు అంటారా? ఇక్కడే మనకి చుట్టరికం కలుస్తుంది. ఆ క్లబ్బు యజమానులు కోళ్ళ వ్యాపారులు. పుణెలోని వెంకటేశ్వర హేచరీస్, అంటే మన వెంకీస్. తెలుగువాడైన బి.వి. రావు 1971లో మొదలుపెట్టిన సంస్థ. రోజూ పేపర్లో పడే ‘నెక్’ గుడ్డు ధర ఉంది చూశారూ, ఆ నెక్ వెనక ఉన్నదీ ఆయనే. ఆయన పోయాక కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు వ్యాపారం చూసుకుంటూ, 2010 నవంబరులో 2 కోట్ల 30 లక్షల పౌండ్లకి రోవర్స్‌ని కొన్నారు. ఏడుకొండలవాడి పేరు పెట్టుకున్న కంపెనీ చేతిలో పడ్డ ఏడాదిన్నరకి జట్టుకి మిగిలింది గుండు.

గుండు ఊరికే కాలేదు. కొని నెల తిరక్కుండానే, డిసెంబరు 13న, మేనేజర్ సామ్ అలర్డైస్‌ని ఇంటికి పంపేశారు. అప్పటికి జట్టు 20 క్లబ్బుల పట్టికలో 13వ స్థానంలో ఉంది. అంటే ఎవరికీ ముద్దూ కాదు, బరువూ కాదు. ఆయన కుర్చీలో, అంతకుముందు ఏ జట్టుకీ మేనేజరుగా చేయని స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. రొనాల్డీన్యోతో మాట్లాడుతున్నామన్నారు. ఆయన బుద్ధిగా బ్రెజిల్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చికెన్ ప్రకటన ఒకటి తీశారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ళు వరసగా కూర్చుని వెంకీస్ కోడి ముక్కలు లాగించి, మూతి తుడుచుకుని మ్యాచ్‌కి బయల్దేరతారు. ఇంత తిని తొంభై నిమిషాలు పరిగెత్తడం ఎలాగో ఆ ప్రకటనలో చెప్పలేదు, 2011-12 సీజన్‌లో చూపించారు. 38 మ్యాచ్‌లు, 31 పాయింట్లు, 19వ స్థానం.

కాబట్టి అభిమానికి కోపం రావడం న్యాయమే. నా పేచీ అంతా ఆ కోపానికున్న జ్ఞాపకశక్తి మీద.

ఈ జట్టు దిగిపోవడం అదే మొదటిసారి కాదు. జాక్ వాకర్ అని ఊరి మనిషే ఒకాయన ఉండేవాడు. ఉక్కు వ్యాపారం అమ్మేసి, వచ్చిన డబ్బుని చిన్నప్పటి నుంచి ప్రేమించిన క్లబ్బులో కుమ్మరించాడు. 1992లో అలన్ షియరర్‌ని, 1994లో క్రిస్ సటన్‌ని బ్రిటిష్ రికార్డు ధరలకి కొన్నాడు. 1995లో రోవర్స్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. అప్పుడు అభిమానులెవరూ ‘డబ్బుతో ఆటని కొనేస్తున్నారు’ అని ఏడవలేదు. ఆ మాట అన్నది పక్క ఊళ్ళవాళ్ళు. గెలిచిన నాలుగేళ్ళకే, 1999లో, అదే జాక్ వాకర్ యజమానిగా ఉండగానే, జట్టు కింది డివిజన్‌కి పడింది. దిగే ముందు కెవిన్ డేవిస్ అనే స్ట్రైకర్‌కి 72 లక్షల 50 వేల పౌండ్లు పోశారు. లీగ్‌లో ఆయన కొట్టిన గోల్స్ సంఖ్య ఒకటి. ఆ రోజున మైదానంలోకి ఉక్కు రేకు ఎవరూ దొర్లించలేదు. పైగా స్టేడియంలో ఒక స్టాండ్‌కి వాకర్ పేరుంది, బయట విగ్రహం ఉంది.

విగ్రహం పెట్టడంలో తప్పు లేదు. ఆయన ఇచ్చాడు, వీళ్ళు మొక్కారు. కాకపోతే ధనవంతుడి దయ మీద బతకడం అలవాటైన క్లబ్బు ఆ ధనవంతుడు పోగానే ఇంకో ధనవంతుణ్ణి వెతుక్కుంటుంది. వాకర్ 2000లో పోయాడు. పదేళ్ళకి వెంకీస్ వచ్చారు. మంచి దొర పోయి చెడ్డ దొర వచ్చాడని అభిమాని గుండెలు బాదుకుంటాడు గానీ, అసలు దొరే ఎందుకు ఉండాలని అడగడు.

దిగిపోవడం ఒక్కరోజులో జరిగే ప్రమాదం అనుకుంటారు ఆ ఆట చూడనివాళ్ళు. కాదు, ఆగస్టు నుంచి మే దాకా వారం వారం టిక్కెట్టు కొని మరీ అనుభవించాల్సిన బాధ. మొదట్లో అభిమాని ‘ఇంకా బోలెడు మ్యాచ్‌లున్నాయి’ అంటాడు. శీతాకాలం వచ్చేసరికి విమానం మాట్లాడి, కీన్ దిగిపోవాలని దాని తోకకి బ్యానర్ కట్టి ఆకాశంలో తిప్పిస్తాడు. సరిగ్గా అప్పుడే దేవుడికి కొంటెతనం పుడుతుంది. 2011 డిసెంబరు 31న, పట్టికలో అట్టడుగున ఉన్న రోవర్స్ మాంచెస్టర్ యునైటెడ్ గడ్డ మీదికి వెళ్ళి 3-2తో గెలిచింది. ఆ రోజు యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్‌కి 70వ పుట్టినరోజు. కేకు ఆయనది, తిన్నది వీళ్ళు. ఆ ఒక్క గెలుపు మీద అభిమాని నాలుగు నెలలు బతికాడు. ‘మాంచెస్టర్‌నే కొట్టినవాళ్ళం, విగన్ ఒక లెక్కా?’ లెక్కే అని మే నెలలో తేలింది.

ఏప్రిల్‌లో మొదలయ్యే గణితం ముచ్చట వేరు. బళ్ళో ఎక్కాలు రానివాడు కూడా అప్పుడు గోల్ తేడా నోటికి చెబుతాడు. బోల్టన్ ఇక్కడ ఓడాలి, క్వీన్స్ పార్క్ అక్కడ డ్రాతో సరిపెట్టుకోవాలి, విగన్ గోల్‌కీపర్‌కి జ్వరం రావాలి. ముగ్గురు శత్రువులు, నలుగురు రిఫరీలు, వాతావరణం అన్నీ కలిసిరావాలి. మన జట్టు కూడా ఒక మ్యాచ్ గెలవాలన్న షరతు ఆ కాగితంలో ఆఖరి గీత కింద ఉంటుంది.

అంతా అయిపోయాక టీవీ కెమెరా స్టాండ్స్‌లో ఏడుస్తున్న పిల్లాడి కోసం వెతుకుతుంది. ప్రతిసారీ ఒకడు దొరుకుతాడు. ముఖానికి పూసిన రంగు కన్నీళ్ళతో చారలు కట్టి ఉంటుంది. పక్కనే తండ్రి, పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి, ఎటో చూస్తుంటాడు. ఈ జబ్బు పిల్లాడికి అంటించింది ఆయనే. ఆయనకి వాళ్ళ నాన్న అంటించాడు. 1875లో పుట్టిన క్లబ్బు కదా, వంశపారంపర్యంగా వస్తోంది.

ఇక జూన్‌లో వేదాంతం. ‘ప్రీమియర్ లీగ్‌లో ఏముందండీ, అంతా డబ్బు, టీవీ. అసలైన ఫుట్‌బాల్ కింది డివిజన్‌లోనే ఉంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్, హాయిగా. కొత్త ఊళ్ళు చూడొచ్చు. వారానికో గెలుపు.’ కింద పడ్డా పైచేయి నాదే అనడం తెలుగువాడికే చేతనవుననుకునేవాణ్ణి, ఈ విషయంలో లాంకషైర్ మనకి దూరం కాదు. ఈ వేదాంతికి ఒక పరీక్ష ఉంది. ఆ డబ్బు కంపు లీగ్‌లోకి జట్టు మళ్ళీ ఎక్కిన రోజున కంచె దూకి మైదానంలోకి పరిగెత్తేవాళ్ళలో ముందుండేది ఎవరో చూడండి.

జులైలో సీజన్ టిక్కెట్టు. ‘ఈ కోళ్ళవాళ్ళకి ఒక్క పైసా ఇవ్వను’ అని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషి ఒట్టు తప్పడు. కొడుకు పేరు మీద కొంటాడు. సినిమా ఆడితే మా హీరో, పోతే డైరెక్టరు అనే మన అభిమాన సంఘాలకి ఇదొక విదేశీ శాఖ. ఇక్కడ డైరెక్టరు పాత్ర మేనేజరుది. 2012-13లో రోవర్స్‌లో ఆ పాత్ర ఎంతమంది వేశారో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సెప్టెంబరులో కీన్ వెళ్ళాడు. 1995లో లీగ్ గెలిచిన జట్టులో ఆడిన హెనింగ్ బెర్గ్ వచ్చి 57 రోజులున్నాడు. మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. ఆపిల్టన్ బెర్గ్ కంటే పది రోజులు ఎక్కువ నిలవడం క్లబ్బు ప్రగతికి గుర్తు అనుకోవాలి.

నిజంగానే టిక్కెట్టు కొనడం మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ జోలికి నేను పోను. ఈవుడ్ పార్క్‌లో 31 వేల పైచిలుకు సీట్లుంటే 2016-17 నాటికి సగటున సగం కూడా నిండలేదు. ఇష్టమైనదాన్ని చూడకుండా శనివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చోవడం తేలిక కాదు.

ఆ 2016-17 సీజన్ కథ కూడా చెప్పాలి. ఈసారి రెండో అంచె నుంచి దిగే ప్రమాదం. ఆఖరి రోజున రోవర్స్ బ్రెంట్‌ఫర్డ్ వెళ్ళి 3-1తో గెలిచింది. గెలిచి దిగిపోయింది. నాటింగామ్ ఫారెస్ట్‌కీ వీళ్ళకీ సమానంగా 51 పాయింట్లే, గోల్ తేడాలో రెండు తక్కువయ్యాయి. ప్రీమియర్ లీగ్ గెలిచాక మూడో అంచెకి పడిన మొదటి క్లబ్బు రోవర్స్ అయింది. అదే సమయంలో, ఏళ్ళ తరబడి వీళ్ళు వెక్కిరించిన పక్కూరు బర్న్‌లీ ప్రీమియర్ లీగ్‌లో ఉంది. మరుసటి ఏడు బర్న్‌లీ అందులో ఏడో స్థానంలో నిలిచి యూరప్ పోటీలకి వెళ్ళింది. బ్లాక్‌బర్న్‌లో మూడో అంచె మ్యాచ్‌లు జరిగాయి. అభిమానికి జట్టు దిగిపోవడం సగం బాధే, మిగతా సగం పక్కూరివాడి ముఖంలో ఉంటుంది.

ఇదంతా చదివి, హైదరాబాద్‌లో కూర్చుని నవ్వుకునేవాళ్ళకి ఒక మాట. మన లీగుల్లో ఈ బాధ లేకుండా ఏర్పాటు చేశారు. ఐపీఎల్‌లో ఆఖరున వచ్చిన జట్టు మరుసటి ఏడు అదే లీగ్‌లో, కొత్త చొక్కాలతో దర్శనమిస్తుంది. డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి 2009లో కప్పు ఎత్తింది. దిగడం లేదు కదా అని సంబరపడుతుండగా 2012లో జట్టునే ఎత్తేశారు. రోవర్స్ దిగిన ఏడాదే. ఫుట్‌బాల్‌లో ఇంకా ముచ్చట. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు మన దేశపు టోర్నీ రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీసు జట్టున్న ఊరు మనది, ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పాఠాలు చెప్పిన ఊరు. ఆ ఊరికి 2019లో పుణె క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో అట్టడుగున తేలింది. ఇంగ్లండ్‌లో అయితే కింది డివిజన్‌కి పంపేవాళ్ళు. ఇక్కడ పంపలేదు. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. బ్లాక్‌బర్న్ అభిమానికి తిట్టుకోవడానికైనా ఒక జట్టు మిగిలింది. గచ్చిబౌలి అభిమాని ఎవర్ని తిట్టాలి? ఢిల్లీ జట్టునా?

బ్రిటన్ పార్లమెంటు 2025లో చట్టం చేసి ఫుట్‌బాల్ మీద ఒక నియంత్రణ సంస్థని పెట్టింది. క్లబ్బు కొనేవాళ్ళ యోగ్యత, జమాఖర్చులు అది చూస్తుందట. చూడనివ్వండి. కానీ ఆ ఆటలో శిక్షలెవరికో ఒకసారి లెక్క వేసుకోండి. సరిగా ఆడకపోతే జట్టు దిగాలి. జట్టు దిగితే మేనేజర్ దిగాలి. మేనేజర్ దిగితే ఆఫీసు గుమాస్తా నుంచి టీ అమ్మే మనిషి దాకా ఉద్యోగాలు ఊగుతాయి. అభిమాని కోపం కూడా సరిగ్గా ఈ దిగగలిగినవాళ్ళ మీదే విరుచుకుపడుతుంది. ఆఖరికి కోడి కూడా మైదానం దిగాల్సివచ్చింది.

రోవర్స్ 2012లో ఒక మెట్టు దిగింది, 2017లో ఇంకో మెట్టు దిగింది, 2018లో ఒకటి ఎక్కి రెండో అంచెకి చేరింది. 2010 నుంచి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దిగనిది యజమానులొక్కరే.