అందరి ఊపిరీ ఇరవయ్యే

పెద్దాసుపత్రి జనరల్ వార్డులో ఒక వింత జరుగుతోంది. అక్కడ ఎవరు ఊపిరి తీసినా నిమిషానికి ఇరవైసార్లే. అపెండిక్స్ తీయించుకుని తీరిగ్గా రీల్స్ చూస్తున్న కుర్రాడికీ ఇరవయ్యే, పడుకుంటే ఆయాసమని దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తాతకీ ఇరవయ్యే. నమ్మకపోతే కంప్యూటర్‌లో చూసుకోండి.

ఇదంతా ఆ కంప్యూటర్ చలవే. నాలుగు గంటలకోసారి తెర మీద ఎర్ర డబ్బా ఒకటి లేస్తుంది: 'వైటల్స్ పెండింగ్'. అంకె వేసిందాకా కదలదు. బీపీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్ చెప్పడానికి మిషన్లున్నాయి. ఊపిరి లెక్కకు మాత్రం మనిషి పక్కన నిలబడాలి, ఛాతీ లేచి పడటం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం సాఫ్ట్‌వేర్‌తో పాటు రాలేదు. అర్ధరాత్రి రెండింటికి ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోయింది, ఇంకో మంచం దగ్గర క్యాన్యులా ఊడింది, 'సిస్టరమ్మా, మా నాన్న వణుకుతున్నాడు' అని మూడోవైపు నుంచి కేక. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే డబ్బా లేస్తుంది. సిస్టర్ 20 కొడుతుంది. డబ్బా శాంతిస్తుంది.

ఇరవై మంచి అంకె కూడా. బ్రిటన్ వైద్యుల రాయల్ కాలేజీ 2012లో తెచ్చిన హెచ్చరిక పట్టికలో 12 నుంచి 20 దాకా సున్నా మార్కులు. 25కి చేరితే ఏకంగా మూడు, వెంటనే డాక్టరును పిలవాలి. ఇరవై రాస్తే డాక్టరుగారి నిద్ర చెడదు.

మరిచిపోయేవాళ్లకు గుర్తుచేస్తే మేలే, కాదనను. ఇక్కడ మరిచిపోయిందెవరు? బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతాచోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. యాజమాన్యానికి ఆ సంగతి గుర్తుచేసే ఎర్ర డబ్బా ఏ కంపెనీ తయారుచేసినట్టు లేదు. చేసినా కొనేదెవరు? నర్సుకైతే జీతమివ్వాలి, వారానికో సెలవివ్వాలి, పురుడొస్తే ఇంటికి పంపాలి. డబ్బాకు ఆ బాదరబందీ లేదు.

క్వాలిటీ మీటింగులో మాత్రం గ్రాఫు నిక్కి నిలబడింది: వైటల్స్ నమోదు నూటికి నూరు! ఎవరూ లెక్కపెట్టని ఊపిరికి అందరూ చప్పట్లు కొట్టారు.

నాదొక ఉచిత సలహా. ఆ గడిలో 20 ముందే నింపి ఉంచండి. సిస్టర్‌కు టైపు చేసే శ్రమ తప్పుతుంది. మిగిలిన రెండు సెకన్లకు ఇంకో నాలుగు మంచాలు అప్పజెప్పొచ్చు.