జానెడు అంచు, ఊరంత సలహా

ఇంటి ముందు జాగాలో నాలుగు మల్లెలు, రెండు మందారాలు నాటుకుని, వాటి చుట్టూ మట్టి జారకుండా ఓ అంచు కట్టుకోవడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. అయితే పలాసలో కాపురం, టెక్కలిలో చుట్టరికం, ఉద్దానంలో అత్తవారిల్లు ఉన్నవాడికి ఆ అంచు దేనితో కట్టాలో నిర్ణయించే హక్కును కూడా ఏ చట్టమూ ఇచ్చినట్టు లేదు. అందుకే ఈ ఫిర్యాదు.

ముందు కేసు పూర్వాపరాలు. మాది ఇసక నేల. మడిలో కొని పోసిన ఎర్రమట్టీ గెత్తమూ ఒక్క పెద్ద వానకి వాకిట్లోకి వచ్చేస్తాయి. వాన తగ్గాక వాకిట్లోని గరిక మడిలోకి బయల్దేరుతుంది. గరికకి పైన పాకే తీగా ఉంది, నేల కింద పాకే కాడా ఉంది. తుంగ ఇంకా ఘనమైనది, పైన పీకిన కొద్దీ కింద గడ్డల్లోంచి మళ్ళీ లేస్తుంది. కాబట్టి అంచు అంటే పైకి కనిపించే నాలుగంగుళాల సింగారం కాదు, కనీసం జానెడు లోతున పాతుకుని కాపలా కాసేది. నాకు కావలసింది ఇంతే.

ఈ సంగతి బయటపెట్టగానే సలహాలు మొదలయ్యాయి. అన్నీ విన్నాక వాటి వెనక ఉన్న సూత్రం దొరికింది: ఎవరి పెరట్లో ఏది మిగిలిపోయి ఉందో, నా మడికి అదే శ్రేష్ఠం.

టెక్కలి బావది రాళ్ళ వ్యవహారం. ఆ చుట్టుపక్కల కొండల్లో తీసే నీలి గ్రానైటు ఓడలెక్కి సముద్రాలు దాటుతుంది, ఎక్కడో ఎవరి సమాధి మీదో, ఎవరి వంటింటి గట్టు మీదో నిగనిగలాడుతుంది. చీలిక ఉన్నదీ, మచ్చ పడ్డదీ, మూల విరిగినదీ మాత్రం ఇక్కడే గుట్టలుగా పడి ఉంటుంది. "రాయికి తిరుగేటుంది బావా? నీ మనవల కాలం దాకా ఉంటాది. ముక్కలు ఊరికే ఇప్పించేత్తాను" అన్నాడు. ఊరికే అన్నది రాయికే, ట్రాక్టరు కిరాయికి కాదు, ఎత్తిన కూలీకీ దించిన కూలీకీ అసలే కాదు. ఈ వివరం ట్రాక్టరు మా గుమ్మం ముందు ఆగాక వెల్లడైంది.

తోడల్లుడికి జీడి పరిశ్రమతో సంబంధం. "పిక్క తొక్కలు వరసగా పోసేయండి, పురుగన్నది రాదు" అన్నాడు. పురుగు మాట దేవుడెరుగు, ఆ తొక్కలో ఉండే నూనె తగిలితే మనిషి చర్మమే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిదో ఆముదమో రాసుకునేది అందుకే. ఆ నూనె రంగుల్లోకి, వార్నిష్‌ల్లోకి, బండ్ల బ్రేకుల్లోకి పోతుంది. దాన్ని నా మల్లెల చుట్టూ కాపలా పెడితే, పూలు కోయడానికి మా ఆవిడ ఏం తొడుక్కుని వెళ్ళాలో ఆయన సెలవియ్యలేదు.

మావగారు ఉద్దానం రైతు. 2018 అక్టోబరు 11 తెల్లారుగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటల్లో కొబ్బరీ జీడీ ఎలా కూలాయో చూసినవారు. ఆ తర్వాత కూడా ఏ గాలికో ఒకటీ అరా మాను పడుతూనే ఉంది. "రెండు మానులు కోయించి పంపుతాను అల్లుడుగారూ, అడ్డంగా పడేస్తే అందంగా ఉంటుంది" అన్నారు. అందంగానే ఉంటుంది, కొమ్ము పురుగుకి. కుళ్ళుతున్న కొబ్బరి మానే దానికి పురిటిల్లు. అక్కడ పెరిగి రెక్కలు వచ్చాక నేరుగా బతికున్న కొబ్బరిచెట్టు మొవ్వులోకి తొలుస్తుంది. మా గోడ పక్కనున్న ఒక్కగానొక్క కొబ్బరిచెట్టుని అలా అప్పగించలేనని, మామాఅల్లుళ్ళ మర్యాదకు లోటు రాకుండా ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

అత్తగారైతే ప్రశ్ననే కొట్టిపారేశారు. వాళ్ళ తోటలో పైన కొబ్బరి, దాని కింద పనస, జీడి, ఆ కింద అరటి, అడుగున అనాస. దేని అంచు ఎక్కడో దేవుడికే తెలియాలి. హద్దు కావలిస్తే మొగలి పొద వేస్తారు. అదీ వేసుకోమన్నారు. నిలువెత్తు పెరిగి, ఆకు అంచులనిండా ముళ్ళతో, అడుగునుంచి ఊతవేళ్ళు దించుకుంటూ పక్కకి విస్తరించే ఆ మహావృక్షాన్ని మా మడి చుట్టూ వేస్తే, మడి పక్కవీధిలో పెట్టుకోవాలి.

ఉప్పు పండే నౌపడలోని మిత్రుడు అంచు పొడుగునా ఉప్పు చల్లమన్నాడు. తుంగ చస్తుంది, నిజమే. వెంట మల్లెల్నీ తీసుకుపోతుంది.

అమెరికాలో ఉన్న చిన్నాన్న కొడుకు వీడియో కాల్‌లో కోర్టెన్ స్టీలు చూపించాడు. పైన పట్టిన తుప్పే లోపలి ఇనుముని కాపాడుతుందట, ఆ తుప్పు రంగు కోసమే డబ్బులు పోసి కొంటారట. ఉప్పుగాలి తగిలేచోట ఆ తుప్పు స్థిరపడక లోపలికి తింటూనే పోతుందన్న సంగతి వాడికి అమ్మినవాడు చెప్పలేదు కాబోలు. తుప్పే కావాలంటే మా గేటు చూపిస్తాను, ఒక్క డాలరు కూడా అక్కర్లేదు.

ఇక మేస్త్రి. "ఇటికిలు ఏటవాలుగా నాటేత్తాను బావూ, ఒకటి జేగురు, ఒకటి సున్నం. సూసినోలు ఆగిపోవాల" అన్నాడు. ఆగుతారు. ఆగి, లోపలికొచ్చి, పింఛను దరఖాస్తు ఎక్కడివ్వాలని అడుగుతారు. పైగా ఇటుక తడినీ ఉప్పునీ పీల్చుకుని పొరలుపొరలుగా రాలుతుంది. ఏటా సున్నం ఖర్చు వేరే.

వాదోపవాదాలన్నీ పరిశీలించిన మీదట నా తీర్పు: గ్రానైటు ముక్కలే. కాలవ తీసి, అడుగున కంకర దిమ్మిస చేసి, ముక్కల్ని నిలువుగా, మూడింట రెండొంతులు భూమిలోకి దింపి, సందు లేకుండా ఆనించాలి. ఇసక నేలలో కంకర లేకపోతే రాయైనా కుంగుతుంది. విరిగిన పదును పక్క లోపలికి, కోసిన పక్క బయటికి. దీనికి చెద పట్టదు, ఇది కుళ్ళదు, తుప్పు పట్టదు, సముద్రాన్ని లెక్కచేయదు.

అయినా పని మొదలు కాలేదు. అంచు తిన్నగా పోవాలా వంకర తిరగాలా అన్నది తేలలేదు. మా ఆవిడ వంకర పక్షం, మేస్త్రి తిన్న పక్షం, టెక్కలి బావ ఏ పక్షానికి ఎక్కువ ముక్కలు పడితే ఆ పక్షం. ఆదివారం ఇంట్లో సమావేశం. రాదలచినవారు రావచ్చు, టీ ఇస్తాం. చేతిలో, సంచిలో, ట్రాక్టరులో ఏమీ పట్టుకురావద్దని మాత్రం మనవి.